ఏడాది నుంచి మూడేళ్ల బిడ్డ: బాలామృతంతో పాటు ఇంట్లో ఆడాల్సిన ఆటలు

ఈ పీడీఎఫ్ మీ ఊరి అంగన్‌వాడీ వాట్సాప్ గ్రూపులో మీకు చేరి ఉంటుంది. చిన్న మనవి. బిడ్డ మేలుకొని మీ పక్కనే ఉంటే ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టేయండి, పడుకున్నాక చదవండి. ఇంట్లో చదవడం రాని పెద్దవాళ్లుంటే చదివి వినిపించండి. చాలా ఇళ్లల్లో పగలంతా బిడ్డను చూసుకునేది నాయనమ్మే, అమ్మమ్మే. అసలు ఈ విషయం వాళ్లకే ఎక్కువ అవసరం.

ముందు పథకం సంగతి

సమగ్ర శిశు అభివృద్ధి సేవలు, మనం ఐసీడీఎస్ అంటాం, 1975 అక్టోబర్ 2న మొదలయ్యాయి. ఇప్పుడు సక్షమ్ అంగన్‌వాడీ, పోషణ్ 2.0 అనే పేరుతో నడుస్తున్నాయి. తెలంగాణలో 7 నెలల నుంచి 3 ఏళ్ల వరకు బిడ్డకు నెలకు రెండున్నర కిలోల బాలామృతం, 16 గుడ్లు ఇస్తారు. నెలనెలా బరువు, ఎత్తు చూసి పోషణ్ ట్రాకర్‌లో ఎక్కిస్తారు. ఇంతవరకు అందరికీ తెలుసు. ప్యాకెట్ రాకపోతే టీచరమ్మను అడగడమూ తెలుసు.

తెలియనిది ఇంకోటి ఉంది. "మూడేళ్లు నిండితేనే కదా అంగన్‌వాడీ బడి, అప్పటిదాకా చదువేముంటది?" అని గ్రామసభల్లో నన్ను చాలామంది అడిగారు. బడి మూడేళ్లకే, నిజమే. నేర్చుకోవడం మాత్రం పుట్టినప్పటి నుంచే. మెదడు ఎదుగుదలలో 85 శాతం పైగా ఆరేళ్లలోపే జరుగుతుందని 2020 జాతీయ విద్యా విధానం చెబుతోంది. అందుకే 2023లో 'పోషణ్ భీ పఢాయీ భీ' అని, అంటే పోషణతో పాటు చదువూ అని, ఒక కార్యక్రమం మొదలుపెట్టారు. 2024లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 'నవచేతన' తెచ్చింది. ఇది పూర్తిగా పుట్టిన నాటి నుంచి మూడేళ్ల వరకు పిల్లల కోసమే. అందులో 36 నెలల క్యాలెండర్ ఉంది, వయసును బట్టి 140 ఆటలు, పనులు ఉన్నాయి. వాటిని ఇంట్లో ఎలా ఆడించాలో ఇంటికొచ్చినప్పుడు చూపించడం టీచర్ పనిలో భాగం. మూడు దాటాక ఆరేళ్ల వరకు 'ఆధారశిల' అని వేరే పాఠ్య ప్రణాళిక ఉంది.

కాబట్టి టీచరమ్మ ఇంటికొస్తే బాలామృతం గురించి మాట్లాడి పంపించేయకండి. "మా బిడ్డకు ఈ నెల ఏ ఆట ఆడించాలి?" అని అడగండి. అడిగితేనే చెప్తారని కాదు. కానీ నలభై ఇళ్లు తిరగాల్సిన మనిషికి అడిగిన ఇల్లు గుర్తుంటుంది.

బొమ్మలు కొనాలా?

అక్కర్లేదు. నిర్మల్‌లో పొనికి కర్రతో చేసే బొమ్మలు ఉంటే మంచిదే, లేకపోతే లోటేమీ లేదు. ఏడాదిన్నర బిడ్డకు స్టీలు గిన్నెకున్న మూతకు మించిన బొమ్మ లేదు. తీస్తుంది, పెడుతుంది, మళ్లీ తీస్తుంది. ఏ మూత ఏ గిన్నెకు సరిపోతుందో చేత్తో వెతుకుతుంది. మనకది అల్లరి. బిడ్డకు అది చిన్న, పెద్ద, లోపల, బయట అనే లెక్క. చప్పుడు భరించలేకపోతే ప్లాస్టిక్ డబ్బాలివ్వండి, కానీ లాక్కోకండి.

ఏడాది దాటిన బిడ్డతో దాచే ఆట ఆడండి. బిడ్డ చూస్తుండగానే చెంచాను చేతిరుమాలు కింద పెట్టి "చెంచా ఏదీ?" అనండి. గుడ్డ లాగి తీస్తే కంటికి కనబడకపోయినా వస్తువు అక్కడే ఉంటుందని తెలిసినట్టు. ఇది వచ్చాక రెండు గుడ్డలు పెట్టండి. తర్వాత మీరే తలుపు చాటున దాక్కోండి. దాగుడుమూతలు మనకు కొత్తేమీ కాదు, పెద్దవాళ్లు ఆడించినవే. ఉప్పుమూట ఎత్తుకుని ఇల్లంతా తిప్పడం, చేతులు పట్టి చప్పట్లు కొట్టించడం, అద్దం ముందు నిలబెట్టి ముక్కేది, చెవులేవి అనడం అన్నీ ఇందులోకే వస్తాయి. పాత ఆటలు వదిలేసి కొత్త పుస్తకం పట్టుకోమని నవచేతన చెప్పట్లేదు.

రెండేళ్లు వచ్చేసరికి బిడ్డకు మన పనుల్లో చెయ్యి పెట్టాలని ఉంటుంది. పెట్టనివ్వండి. కూరగాయలు తెచ్చినప్పుడు ఉల్లిగడ్డలు ఒక గంపలో, ఆలుగడ్డలు ఇంకో గంపలో వేయమనండి. ఉతికిన బట్టలు మడిచేటప్పుడు "నాన్న అంగీ ఏదీ, నీ లాగు ఏదీ?" అని అడగండి. బతుకమ్మ రోజుల్లో తంగేడు ఒక కుప్ప, బంతి ఒక కుప్ప, గునుగు ఒక కుప్ప పెట్టించండి. రంగులు నేర్పడానికి అంతకంటే మంచి పాఠం నేను చూడలేదు. తప్పు కుప్పలో వేస్తే "కాదు" అని అరవకుండా "ఇది బంతిపువ్వు, ఇట్లా ఇవ్వు" అంటే చాలు. చపాతీ పిండి కలిపేటప్పుడు చిన్న ముద్ద ఇవ్వండి. నొక్కడం, గిల్లడం, పాములా చుట్టడం, రేపు బలపం పట్టుకునే వేళ్లకు ఇదే కసరత్తు. గచ్చు మీద తడివేలితో గీతలు గీయించండి, ఆరిపోగానే మళ్లీ గీస్తారు. కాగితం ఖర్చు లేదు, గోడ పాడవదు.

రెండున్నర దాటితే నటించే ఆట మొదలవుతుంది. ఖాళీ గిన్నెలో కలిపి మీకు అన్నం పెడతారు. తినండి. "ఉప్పు తక్కువైంది" అనండి. ఉప్పేస్తారు. చీపురు పుల్ల ఇంజెక్షన్ అవుతుంది, బొమ్మకు జ్వరమొస్తుంది. "బొమ్మ ఎందుకేడుస్తోంది?" అని మీరడిగితే బిడ్డ దగ్గర ఒక కథ ఉంటుంది. ఈ వయసులో రెండు పనులు కలిపి చెప్పడం కూడా ఆటే: "చెప్పులు తీసుకొచ్చి తాతకియ్యి."

మాట ఇచ్చిపుచ్చుకోవడం

అన్నిటికంటే ఇదే ముఖ్యం, అందుకే కొంచెం ఎక్కువ రాస్తున్నాను. బిడ్డ "బా" అంటే మీరు "బంతా? బంతి కావాలా?" అనండి. అని ఆగండి. మనసులో ఐదు లెక్కపెట్టండి. బిడ్డ ఇంకో చప్పుడు చేస్తుంది, లేదా వేలు చూపిస్తుంది. దానికి మళ్లీ మీరు జవాబివ్వండి. మనలో చాలామందికి ఆగడం రాదు. మనమే అడిగి, మనమే జవాబు చెప్పి, మనమే నవ్వేస్తాం. బిడ్డ వంతు బిడ్డకు ఇవ్వాలి.

స్నానం చేయించేటప్పుడు, అన్నం పెట్టేటప్పుడు చేసే పని చెప్తూ ఉండండి. "ఇప్పుడు కాళ్లకు సబ్బు. నీళ్లు పోద్దామా? చల్లగున్నయా?" దీనికి వేరే టైం కేటాయించే పని లేదు. కూలికి పోయి సాయంత్రం ఆరింటికి ఇల్లు చేరే తల్లి కూడా స్నానం, అన్నం, పడక ఈ మూడు సమయాల్లో మాట్లాడితే చాలా ఎక్కువే. నాన్నలూ, ఇది అమ్మ పని అని పక్కకు జరగకండి. రాత్రి పడుకునే ముందు పావుగంట మీది.

ఏ భాషలో? మీ ఇంటి భాషలోనే. తండాలో లంబాడీ మాట్లాడే ఇల్లు, గూడెంలో గోండి మాట్లాడే ఇల్లు, ఉర్దూ మాట్లాడే ఇల్లు, ఎవరి భాష వారిది. బిడ్డకు తెలుగో ఇంగ్లీషో రావాలని తల్లి తనకు సరిగా రాని భాషలో నాలుగు ముక్కలు మాట్లాడితే బిడ్డకు దక్కేది నాలుగు ముక్కలే. సొంత భాషలో అయితే కథ వస్తుంది, కోపం వస్తుంది, జోక్ వస్తుంది. ఒక భాష గట్టిపడితే దాని మీద రెండోది నిలుస్తుంది. రెండేళ్లకే ఏబీసీడీలు అప్పజెప్పించి వీడియో తీయడం మన ఆనందం కోసమే, తప్పు పట్టను. దాన్ని చదువనుకుంటేనే ఇబ్బంది.

ఫోన్ విషయం

ఇది రాయడానికి నాకే మొహమాటంగా ఉంది. మా బాబుకు ఏడాదిన్నర ఉన్నప్పుడు ఫోన్ చూపిస్తే తప్ప ముద్ద మింగేవాడు కాదు. అలవాటు చేసింది నేనే. ఆఫీసు నుంచి వచ్చాక పది నిమిషాల్లో తినిపించేయాలని. వాడు నోరు తెరిచేవాడు కానీ ఏం తింటున్నాడో చూసేవాడు కాదు. నా వైపూ చూసేవాడు కాదు. మానిపించడానికి మూడు వారాలు పట్టింది. మొదటి నాలుగు రోజులు పళ్లెం విసిరేశాడు. తర్వాత వాకిట్లో కుక్కను, కాకిని చూపిస్తూ పెట్టడం మొదలుపెట్టాం. ముద్ద తక్కువ తిన్నా మాట ఎక్కువైంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన సూచనల ప్రకారం ఏడాది బిడ్డకు స్క్రీన్ అసలు వద్దు. రెండేళ్లు నిండాక కూడా రోజుకు గంట దాటకూడదు, తక్కువైతే ఇంకా మంచిది. అదే సూచనల్లో ఏడాది నుంచి పిల్లలు రోజు మొత్తం మీద కనీసం మూడు గంటలు కదులుతూ ఆడాలని ఉంది. పని కోసం దూరంగా ఉన్న నాన్నతో వీడియో కాల్ మాట్లాడించడం వేరు, అక్కడ అవతల మనిషి జవాబిస్తాడు.

జాగ్రత్తలు

ఇక్కడ ఆటలాగా తీసుకోవద్దు. మూడేళ్లలోపు బిడ్డ చేతికి చింతగింజలు, పల్లీలు, శనగలు, గోళీలు, గుండీలు ఇవ్వకండి. ఇంటర్నెట్‌లో గింజలు ఏరించే ఆటలు చూపిస్తారు, ఈ వయసుకు అవి వద్దు. నోట్లో పూర్తిగా పట్టే ఏ వస్తువైనా గొంతులో ఇరుక్కోవచ్చు. రిమోట్లలో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ సెల్ మింగితే లోపల కాల్చేస్తుంది. మింగిందని అనుమానం వచ్చినా "మలంలో పోతుందిలే" అని ఆగకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. నీళ్ల ఆట మంచిదే, మగ్గుతో పోసి నింపడం పిల్లలకు పండగ. కానీ బకెట్‌లో జానెడు నీళ్లున్నా బిడ్డ తలకిందులుగా పడితే లేవలేదు. మీరు పక్కన ఉన్నంతసేపే ఆట, అవగానే నీళ్లు పారబోయండి. సంపు మూత మూసి ఉందో లేదో ఇప్పుడే చూసి రండి.

ఆటలో బయటపడే సంగతులు

పోయినేడాది ఒక గ్రామంలో రెండున్నరేళ్ల బాబును చూశాను. ఒక్క మాట లేదు. "వాళ్ల నాన్న కూడా లేటుగానే మాట్లాడిండు" అని నాయనమ్మ ధీమాగా ఉంది. టీచర్ ఇంటికెళ్లి దాచే ఆట ఆడించింది. బాబు చెంచా టక్కున తీశాడు, తెలివి బాగుంది. అయితే వెనక నుంచి గిన్నె మీద కొడితే తిరగలేదు. రెండోసారి కొట్టినా తిరగలేదు. ఆర్‌బీఎస్‌కే బృందం చూసి పంపితే వినికిడి లోపమని తేలింది. ఇప్పుడు చెవి మిషన్ పెట్టారు, మాటల శిక్షణ నడుస్తోంది. ఏడాది ముందే తెలిస్తే ఇంకా తేలికయ్యేదని డాక్టర్ అన్నారు. నాయనమ్మది తప్పని నేననను. ఎవరూ ఆమెకు ఏం చూడాలో చెప్పలేదు.

చూడాల్సినవి ఇవి. ఏడాదిన్నర నిండినా పట్టు లేకుండా నడవకపోవడం. రెండేళ్లు నిండినా "అమ్మా రా", "పాలు కావాలె" లాంటి రెండు మాటలు కలపకపోవడం. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం. కావాల్సినది వేలితో చూపించకపోవడం. ఇవి ఏ వయసులోనైనా ఆలస్యం చేయకూడని సంగతి ఒకటుంది: వచ్చిన మాటలు, వచ్చిన పనులు మళ్లీ పోవడం. పిల్లల్లో కొద్దిగా ముందూ వెనకా మామూలే, పక్కింటి బిడ్డతో పోల్చి భయపడొద్దు. కానీ పైవాటిలో ఒక్కటి కనిపించినా అంగన్‌వాడీ టీచర్‌కు గానీ ఆశాకు గానీ చెప్పండి.

ఆర్‌బీఎస్‌కే, అంటే రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013 నుంచి ఉంది. సంచార వైద్య బృందం ఏడాదికి రెండుసార్లు అంగన్‌వాడీ కేంద్రానికి వచ్చి పిల్లలను పరీక్షిస్తుంది. పుట్టుకతో వచ్చిన లోపాలు, పోషక లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యం ఈ నాలుగూ చూస్తారు. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి, డీఈఐసీ అంటారు, పంపిస్తారు. దీనికి డబ్బు కట్టక్కర్లేదు. వాళ్లు వచ్చే రోజు బిడ్డను మేనమామ ఇంటికి పంపకుండా కేంద్రానికి తీసుకురండి. వచ్చేటప్పుడు తల్లీబిడ్డల కార్డు మర్చిపోవద్దు, టీకాలతో పాటు బిడ్డ ఏ వయసుకు ఏం చేయాలో బొమ్మలతో సహా అందులోనే ఉంది. మీ కార్డు పోయి ఉంటే ఏఎన్ఎంను అడగండి. బాలామృతం తీసుకునే రోజే కేంద్రంలో ఆ పేజీ తెరిచి, మీ బిడ్డ వయసు దగ్గర ఏముందో టీచరమ్మతో కలిసి ఒకసారి చూసుకోండి.