బేస్ గిటారు: కొనేముందు కొలుద్దాం

(బి.యస్సీ. తృతీయ సంవత్సరం విద్యార్థి)

పాట వింటున్నప్పుడు అందులో బేస్ గిటారు ఉందని చాలామందికి తెలియదు. అది ఆగిపోతే మాత్రం పాటకు కింద నేల లేనట్టు అనిపిస్తుంది. నమ్మకం లేకపోతే 1989లో వచ్చిన ‘గీతాంజలి’ చిత్రంలోని పాటలను హెడ్‌ఫోన్ పెట్టుకొని వినండి. గాయకుడి గొంతు కింద ఇంకొక గొంతు మెల్లగా నడుస్తూ ఉంటుంది. ఇళయరాజా గారి బృందంలో ఏళ్ళ తరబడి బేస్ వాయించిన శశిధరన్ గారి పేరు మనలో ఎంతమందికి తెలుసు?

ఈ వాయిద్యం గురించి మన సంచికలో రాయడానికి నాకున్న అర్హత ఒక్కటే. నిరుడు వార్షికోత్సవంలో దాన్ని అందరి ముందూ చెడగొట్టినవాణ్ణి నేనే.

మాది వేరుశనగ పండించే మెట్ట ఊరు. కాయ అమ్మిన దుడ్డులో నుంచి మా నాయన ఎనిమిది వేలిస్తే సెకండ్ హ్యాండు బేస్ ఒకటి కొన్నాను. “ఏందిరా ఇది, పాడేదానికంటే గురక పెట్టేదే ఎక్కువుంది” అన్నాడాయన. హాస్టల్ గదిలో అది ఉరిమేది. ఉరమడమే గొప్ప అనుకొని బేస్ నాబ్ నిండుగా, ట్రెబుల్ సున్నాకూ తిప్పి పెట్టుకున్నాను. వార్షికోత్సవం నాడు అదే అమరికతో, అద్దెకు తెచ్చిన మామూలు గిటారు యాంప్లిఫయరుకు తగిలించి వాయించాను. మొదటి పాటలో ఏ స్వరం మోగుతోందో ఎవరికీ తెలియలేదు. రెండో పాట మధ్యలో స్పీకరు ‘బర్ర్’మని చిరిగింది. “బయట లారీ ఇంజను ఆపకుండా పెట్టారేమో అనుకున్నాం” అన్నారు మిత్రులు. కోను మార్పించడానికి రెండు వేలు కట్టాను.

తప్పంతా ఆ పాత గిటారుదే అనుకున్నాను. కొత్తదానికి ఇరవై వేలు కావాలని నాయనకు ఫోన్ చేశాను. ఆయన కాదనలేదు. “బోరు మోటారు వైండింగ్ కాలిపోయింది. అది తర్వాతైనా చేయించుకోవచ్చు, ముందు నీది కానీ” అన్నాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. మర్నాడు ఫిజిక్సు సారుకు సంగతంతా చెబితే ఆయన నవ్వి, “ముందు కొలువు. తర్వాత కొను” అన్నారు. అలా కొలిచి తెలుసుకున్నదే ఈ వ్యాసం.

తీగ చెప్పే లెక్క

బేస్ గిటారుకు నాలుగు తీగలు. విడిగా మీటితే వాటి పౌనఃపున్యాలు సుమారు 41, 55, 73, 98 హెర్ట్జ్. మామూలు గిటారులో అన్నిటికంటే మందమైన తీగ 82 దగ్గర ఉంటుంది. అంటే బేస్ దానికి సరిగ్గా ఒక స్థాయి కింద పలుకుతుంది. 1930లలోనే అమెరికాలోని సియాటిల్‌లో పాల్ టట్‌మార్క్ అనే ఆయన ఇలాంటి వాయిద్యం చేశాడు. కానీ అందరి చేతికీ వచ్చింది 1951లో లియో ఫెండర్ తయారుచేసిన ప్రెసిషన్ బేస్‌తోనే. మెట్ల వల్ల స్వరం కచ్చితంగా పలుకుతుంది కాబట్టి ఆ పేరు. దాని తీగ పొడవు 34 అంగుళాలు. ఈనాటికీ చాలా బేస్‌లకు అదే కొలత.

సోనామీటరు ప్రయోగం చేసిన మనందరికీ ఒక సూత్రం తెలుసు. పొడవూ తన్యతా మారకపోతే తీగ ఎంత మందమో పౌనఃపున్యం అంత తక్కువ. సాధారణంగా దొరికే బేస్ తీగల సెట్టులో సన్న తీగ మందం 0.045 అంగుళం, లావు తీగ 0.105. ఈ రెంటి నిష్పత్తి 2.33. పౌనఃపున్యాలు 98కీ 41కీ నిష్పత్తి సుమారు 2.38. చూశారా, ఎంత దగ్గరో! అంటే నాలుగు తీగలూ ఇంచుమించు ఒకే బిగువులో ఉంటాయన్నమాట. ఒక్కోదానికి సుమారు 20 కిలోల బరువు వేలాడదీసినంత బిగువు. ప్రాక్టికల్ పరీక్షలో జవాబు వచ్చినప్పటికంటే ఈ లెక్క కుదిరినప్పుడు నాకు ఎక్కువ సంతోషం కలిగింది.

దీని నుంచి మొదటి సలహా. పాత తీగల మీద చెమటా మురికీ పేరుకుంటే బరువు ఒక్కచోటున్నట్టు ఇంకోచోట ఉండదు. స్వరం మొద్దుబారుతుంది. వాయించిన ప్రతిసారీ పొడి గుడ్డతో తుడవండి. పన్నెండో మెట్టు మీద తీగను కేవలం తాకి మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ఒక్కటిగా ఉండాలి. ఫోన్‌లోని ట్యూనరుతో చూడండి. నొక్కిన స్వరం హెచ్చుగా ఉంటే బ్రిడ్జి దగ్గరి మరను తిప్పి తీగ పొడవు కాస్త పెంచాలి. స్క్రూడ్రైవరు తప్ప దీనికి ఖర్చేమీ లేదు.

మోటారు చుట్టకు చిన్న చెల్లెలు

గిటారులో పికప్ అనేది చూడటానికి కొత్తగా ఉన్నా మనకు పాత చుట్టమే. అయస్కాంతం చుట్టూ వెంట్రుకంత సన్నని రాగితీగ వేల చుట్లు. పైన ఇనుప తీగ కదిలితే అయస్కాంత అభివాహం మారుతుంది, చుట్టలో విద్యుత్తు పుడుతుంది. ఫారడే 1831లో చూపించింది ఇదే. టోన్ నాబ్ కింద ఒక చిన్న కండెన్సరు ఉంటుంది. సింగిల్ ఫేజు మోటారు పెట్టెలో ఉండే కండెన్సరుకు అది బాగా చిన్న రూపం. హెచ్చు పౌనఃపున్యాలను అది ఎర్త్‌లోకి జారవిడుస్తుంది. కాబట్టి టోన్ నాబ్ దేన్నీ కలపదు, ఉన్నదాన్ని తీసేస్తుంది అంతే. ముందు దాన్ని నిండుగా తెరిచి విని, తర్వాత కావలసినంత తగ్గించండి.

వేలు పెట్టే చోటు

నేను ఇరవై వేలకు కొనాలనుకున్న తేడా వేలిని నాలుగు అంగుళాలు జరిపితే వచ్చింది! తీగ మోగినప్పుడు ప్రాథమిక స్వరం ఒక్కటే పుట్టదు. దానికి రెండింతలు, మూడింతలు, నాలుగింతలు పౌనఃపున్యం గల హార్మోనిక్‌లూ పుడతాయి. తీగ పొడవులో అయిదో వంతు దగ్గర మీటితే అయిదో హార్మోనిక్ రాదు. ఎందుకంటే దానికి అక్కడ అస్పందన స్థానం ఉండాలి, మనమేమో అక్కడే కదిలిస్తున్నాం. బ్రిడ్జి దగ్గర మీటితే పై హార్మోనిక్‌లు బలంగా వచ్చి స్వరం పదునుగా వినిపిస్తుంది. మెడ దగ్గర మీటితే గుండ్రంగా, మెత్తగా ఉంటుంది. అమెరికాలో మోటౌన్ పాటలకు 1960లలో బేస్ వాయించిన జేమ్స్ జేమర్సన్ కుడిచేతి చూపుడువేలు ఒక్కదానితోనే మీటేవాడు. తీగలు తెగితే తప్ప మార్చేవాడు కాదంటారు. అంత పేరు మోసిన నాదమూ ఆ ఒక్క వేలి నుంచి వచ్చిందే.

గదీ, చెవీ చేసే మోసం

మరి గదిలో ఉరిమింది హాల్లో ఎందుకు చెడింది? మన వేడికి గాలిలో ధ్వనివేగం సెకనుకు సుమారు 350 మీటర్లు. దాన్ని 41తో భాగిస్తే తరంగదైర్ఘ్యం ఎనిమిదిన్నర మీటర్లు. అందులో సగం నాలుగుంపావు మీటర్లు, అంటే పద్నాలుగు అడుగులు. టేపు పెట్టి చూస్తే నా హాస్టల్ గది పొడవు సరిగ్గా పద్నాలుగు అడుగులు! లావు తీగకు గదే అనునాదం ఇస్తోంది. గోడ పక్కన కూర్చుంటే ఉరుము, గది నడుమ నిలబడితే సగం. నేను మెచ్చుకున్నది నా గిటారును కాదు, నా గోడలను.

చెవి సంగతి మరొకటి. మంద్రంగా ఉన్న శబ్దం మెల్లగా మోగితే చెవికి సరిగా అందదు. గట్టిగా మోగితే ఆ లోపం తగ్గుతుంది. 1933లో ఫ్లెచర్, మన్సన్ అనే శాస్త్రజ్ఞులు దీన్ని కొలిచి చూపించారు. రాత్రిపూట గదిలో మెల్లగా వాయిస్తూ సరిచేసుకున్న అమరిక, వేదిక మీద గట్టిగా మోగేసరికి బురదవుతుంది. అందుకే నాబులు సరిచేయవలసింది హాల్లోనే, పాట వాయించేంత గట్టిగా పెట్టుకొనే.

ఇంకో విచిత్రం. చిన్న స్పీకరు 41 హెర్ట్జ్‌ను పలికించలేకపోయినా, 82, 123, 165 దగ్గరి హార్మోనిక్‌లు వినబడితే చాలు, మన మెదడు కింది స్వరాన్ని తానే పూరించుకుంటుంది. బేస్ స్పష్టంగా వినబడాలంటే పెంచవలసింది మిడ్ నాబ్. నేను సరిగ్గా దాన్నే తగ్గించాను.

స్పీకరు ఎందుకు చిరిగింది?

ఒకే గట్టిదనంతో పలకాలంటే పౌనఃపున్యం సగమైనప్పుడు కోను నాలుగింతలు కదలాలి. మామూలు గిటారు స్పీకరు అంత కదలికకు కట్టింది కాదు. 1969లో వచ్చిన యాంపెగ్ ఎస్.వి.టి. అనే బేస్ యాంప్లిఫయరు 300 వాట్లది. దాన్ని పది అంగుళాల స్పీకర్లు ఎనిమిదేసి ఉన్న పెట్టెలతో అమ్మారు. అంత గాలిని కదిలిస్తే గాని మంద్రం పలకదు. మనకు అవి అవసరం లేదు. డి.ఐ. బాక్సు ఒకటి అద్దెకు తీసుకొని నేరుగా హాలు మిక్సరుకు ఇవ్వండి. గిటారు యాంప్లిఫయరే గతి అయితే సగం కంటే తక్కువ శబ్దంతో సరిపెట్టుకోండి.

ఎర్త్ సంగతి మరవకండి

మూడో మెట్టు మీద లావు తీగ స్వరం 49 హెర్ట్జ్. మన కరెంటు 50. అందుకే కరెంటు హుమ్ మన పాటలోని స్వరంలాగే చేరి కలిసిపోతుంది. తీగలను చేత్తో తాకితే హుమ్ తగ్గిపోయిందా, మీ ఒంటికీ ఎర్త్‌కూ తీగల ద్వారా లంకె ఉన్నట్టు. కాబట్టి మైకుకు ఎర్త్ సరిగా లేకపోతే ప్రాణానికే ముప్పు. 1972లో వేల్స్‌లోని స్వాన్సీలో స్టోన్ ద క్రోస్ బృందం గిటారిస్టు లెస్ హార్వీ వేదిక మీద మైకును తాకి విద్యుద్ఘాతంతో మరణించాడు. మా ఊళ్ళో మోటారు దగ్గర ఉప్పూ బొగ్గూ వేసి ఎర్త్ గుంట తవ్వించందే స్విచ్ వేయనివ్వరు. చదువుకున్న మనం మూడో పిన్ను విరగ్గొట్టి ప్లగ్గు దూరుస్తున్నాం. దయచేసి ఆ పని చేయకండి.

మడవ కట్టడం

వాయించడంలో నేను ఆలస్యంగా నేర్చుకున్నది ఆపడం. నీళ్ళు పారగట్టే రైతు కొత్త మడవ తెరిచేముందు పాతది కడతాడు. కట్టకపోతే రెండు మళ్ళూ సగం సగం తడుస్తాయి. తీగా అంతే. తర్వాతి స్వరం మీటేముందు మొదటిదాన్ని ఎడమచేతి వేళ్ళతో తాకి ఆపాలి. వాయించని తీగల మీద కుడి బొటనవేలు ఆనించి ఉంచాలి. మెట్టుకు సరిగ్గా వెనుకనే నొక్కితే తక్కువ బలం చాలు, కరకర ఉండదు. డ్రమ్ములో కాలితో కొట్టే కిక్ ఎక్కడ పడుతుందో అక్కడే మీ స్వరం పడాలి. రోజూ పది నిమిషాలు మెట్రోనోముతో నిదానంగా సాధన చేయండి. వేగం తర్వాత అదే వస్తుంది.

కొత్త గిటారు కొనలేదు. ఆ డబ్బుతో మోటారుకు వైండింగ్ చేయించారు, కాయకు రెండు తడులు అందాయి. పోయిన నెల హాస్టలుకు వచ్చిన నాయన, నేను వాయిస్తుంటే గిటారు చెక్క మీద అరచెయ్యి పెట్టి చూశాడు. “బేరింగులు బాగుంటే మోటారు కూడా చేతికి ఇట్లే తగుల్తాది” అన్నాడు. పొగిడినట్టా కాదా నాకింకా తెలియదు.

ఈ ఏటి వార్షికోత్సవంలోనూ అదే పాత బేస్‌తో వస్తున్నాను. నేర్చుకోవాలనుకునే జూనియర్ తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ సాయంత్రం సాధన వేళకు రండి, కొనకముందే తలా కాసేపు వాయించి చూడవచ్చు. ఈసారి మళ్ళీ చెడితే మాత్రం తప్పు నాదే, గిటారుది కాదు.