ప్యానెల్‌ను చూశాకే ప్యాడ్ తీయండి

కారు పాలిషింగ్ కొత్తగా నేర్చుకునే కుర్రాళ్లను గమనించండి. మెషిన్ చేతికి రాగానే స్విచ్ వేస్తారు. దానికి ఏ ప్యాడ్ బిగించి ఉంటే దానితోనే బానెట్ మొదలుపెడతారు, దానితోనే సైడ్ మిర్రర్ దాకా లాక్కొస్తారు. సాయంత్రానికి బానెట్ తళతళలాడుతుంది. డోర్ హ్యాండిల్ లోపలి గుంటలో గోటి గీతలు మాత్రం చెక్కుచెదరవు. కుర్రాడు కష్టపడలేదా? ఒళ్లు హూనం చేసుకున్నాడు. కానీ సైజు ఎంచుకోవాల్సిన చోట ఎంచుకోకుండా, చేతికి అందినదానితో సర్దుకుపోయాడు.

ఏ రంగంలోనైనా మనలో చాలామంది చేసేది ఇదే. పనిని చూడకముందే పనిముట్టు పట్టుకుంటాం. ఈ అలవాటు మార్చుకోవడానికి కారు పాలిషింగ్ మంచి బడి. ఇక్కడ తప్పు నిర్ణయం గంటలోపే లైటు కింద కనబడిపోతుంది.

ముందు లెక్కలు తేల్చేద్దాం. డీఏ అని పిలిచే డ్యూయల్ యాక్షన్ మెషిన్లకు ఎక్కువగా వాడే బ్యాకింగ్ ప్లేట్లు, అంటే ప్యాడ్ అతికించే ప్లేట్లు, 3, 5, 6 అంగుళాలవి. ప్యాడ్ ప్లేటు కంటే కాస్త పెద్దదిగా ఉండాలి. 5 అంగుళాల ప్లేటుకు ఐదున్నర ప్యాడ్ సరిపోతుంది. ప్లేటు అంచు పెయింట్‌కు తగిలితే పాత గీత పోగొట్టబోయి కొత్త గీత పెట్టినట్టే. పెద్ద బానెట్‌కు, రూఫ్‌కు 6 బాగుంటుంది. డోర్లకు, డిక్కీకి, మామూలు బానెట్‌కు 5. బంపర్ వంపులకు, పిల్లర్లకు, మిర్రర్లకు, హ్యాండిల్ చుట్టూ 3. మన రోడ్ల మీద తిరిగే చిన్న హ్యాచ్‌బ్యాక్‌లకు 6 అంగుళాలు ఎక్కువేనని నా అభిప్రాయం. వాటిలో అంత చదునైన చోటు ఎక్కడుంది?

ఇక అసలు కిటుకు. సైజు సగమైతే వైశాల్యం సగం కాదు, నాలుగో వంతు అవుతుంది. 6 అంగుళాల ప్యాడ్ మీద వేసిన బరువే 3 అంగుళాల ప్యాడ్ మీద వేస్తే, కింద పెయింట్ మీద నాలుగింతల ఒత్తిడి పడుతుంది. ప్యాడ్ చిన్నదైన కొద్దీ చెయ్యి తేలికపడాలి. కానీ జరిగేది తలకిందులు. చిన్న ప్యాడ్ ఎక్కువ చోటు తినడం లేదని విసుగొచ్చి ఇంకా గట్టిగా నొక్కుతారు. ప్యాడ్ ఫోమ్ వేడెక్కుతుంది, పాలిష్ చేసే పేస్ట్, అంటే కాంపౌండ్, ఎండిపోతుంది. ప్లాస్టిక్ బంపర్ అయితే మరీ ప్రమాదం. రేకులాగా అది వేడిని చుట్టూ పంచదు, ఉన్నచోటే నిలబెట్టేస్తుంది.

పెద్ద ప్యాడ్ పెట్టే ఇబ్బంది వేరు. డీఏ ప్యాడ్ కక్ష్యలో కదులుతూ తన చుట్టూ తానూ తిరుగుతుంది. వంపు మీద పెడితే ఒక అంచు ఆనుతుంది, మరో అంచు గాల్లో ఉంటుంది. అంతే, తిరగడం ఆగిపోతుంది, ఊరికే వణుకుతుంది. మెషిన్ మోత మారదు కాబట్టి పని జరుగుతోందనే అనుకుంటాం. బ్యాకింగ్ ప్లేటు పక్కన మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. మెషిన్ నడుస్తుంటే ఆ గీత తిరుగుతూ కనబడాలి. ఒకేచోట నిలబడిందంటే మీ పని ఆగిపోయినట్టే. మోత చూసి మురిసిపోకండి, గీత చూసి నమ్మండి. ఆఫీసులో రోజంతా హడావిడిగా ఉండి సాయంత్రం ఏమీ తేలనివాళ్లు కూడా ఇలాంటి గుర్తు ఒకటి పెట్టుకోవాలి.

ఇప్పుడు సాధన. మెషిన్ పక్కన పెట్టండి. ఉత్త ప్యాడ్ చేత్తో పట్టుకుని కారు చుట్టూ నెమ్మదిగా ఒక ప్రదక్షిణ చేయండి. ప్రతి ప్యానెల్ మీదా ప్యాడ్ ఆనించి చూడండి. పూర్తిగా కూర్చుంటే ఆ సైజు సరే. అటూ ఇటూ ఊగితే చిన్నది కావాలి. ఒక్క డ్రైవర్ డోర్ తీసుకోండి. మధ్యలో చదునుగా 5 అంగుళాలు హాయిగా కూర్చుంటాయి. కొంచెం పైకి జరిపితే బాడీ లైన్ తగులుతుంది. ఆ మడత మీద పెయింట్ పలచగా ఉండొచ్చు, అక్కడ మాస్కింగ్ టేప్ వేయండి. ఇంకా పైకి వెళితే హ్యాండిల్. దాని కింద గుంటలో 3 అంగుళాల ప్యాడ్ కూడా పట్టకపోవచ్చు. అక్కడ ఇంకా చిన్న ప్యాడ్, లేదంటే చేత్తో రుద్దడమే. ఒక్క డోర్‌లోనే ఇన్ని నిర్ణయాలు! టేపు ముక్కల మీద సైజు రాసి అతికించుకోండి. పది నిమిషాలు పడుతుంది. ఆ పది నిమిషాలను ఎవరేమన్నా వదులుకోకండి.

కొనేటప్పుడు కూడా నిగ్రహం కావాలి. అన్ని సైజుల్లో ఒక్కొక్కటి కొనడం కంటే 5 అంగుళాల ప్లేటుకు సరిపడే ప్యాడ్లు నాలుగైదు కొనడం మేలు. ఒక ప్యాడ్ ఒకటి రెండు ప్యానెళ్లకే కాంపౌండ్ తాగి, వేడెక్కి మెత్తబడుతుంది. మార్చడానికి ఇంకొకటి లేకపోతే ఎంత మంచి మెషిన్ ఉన్నా లాభం లేదు. ఆ సైజు మీద చెయ్యి కుదిరాక 3 అంగుళాల వైపు వెళ్లండి. అప్పుడూ 21 మిల్లీమీటర్ల థ్రో (ప్యాడ్ తిరిగే కక్ష్య వెడల్పు) ఉన్న పెద్ద మెషిన్‌కు చిన్న ప్లేటు బిగించి కానిచ్చేద్దామనుకోవద్దు. దాని లోపలి బ్యాలెన్స్ బరువు పెద్ద ప్లేటుకు సరిచూసి పెట్టినది. చిన్నది బిగిస్తే చేతులు తిమ్మిరెక్కేలా అదురుతుంది.

పని మధ్యలో ప్యాడ్ మార్చడానికి మొహమాటపడేవాళ్లకు ఒక మాట. షాపులో సీనియర్ చూస్తుంటాడు, టైం వేస్ట్ చేస్తున్నాడనుకుంటాడేమోనని చాలామంది తప్పు సైజుతోనే బండి నడిపించేస్తారు. మార్చడానికి పట్టేది నిమిషం. మార్చకపోతే అదే ప్యానెల్ మళ్లీ చేయాలి. 'ఇది కుదరడం లేదు, చిన్నది వేస్తున్నాను' అని పైకే చెప్పండి. అలా చెప్పగలిగిన కుర్రాడికి మంచి సీనియర్ మరుసటి వారమే ఖరీదైన కారు అప్పగిస్తాడు.

చిన్న ప్యాడ్ చేతికొచ్చాక ఇంకో ఆశ పుడుతుంది. ఒక్క గీత మీదే పదేపదే తిప్పాలనిపిస్తుంది. రోజూ పొద్దున్నే పొడిగుడ్డతో దుమ్ము తుడిచే అపార్ట్‌మెంట్ కార్ల మీద గుండ్రటి సన్నగీతలు నిండి ఉంటాయి. అవి చాలావరకు పోతాయి. గోరు తట్టుకునేంత లోతు గీత వేరు. పైనుండే క్లియర్ కోట్ సాధారణంగా 50 మైక్రాన్లకు అటూ ఇటూ, అంటే మన తలవెంట్రుక మందం కూడా ఉండదు. అందులో తీసేసింది మళ్లీ రాదు. గీత అంచులు మెత్తబరచి, మెరుపు తెచ్చి, అక్కడితో చెయ్యి తీసేయండి. ఆ నిగ్రహం ఉన్నవాడి చేతికే నా కారు తాళం ఇస్తాను.

కస్టమర్‌తో మాట్లాడేటప్పుడూ ముందు ప్యానెల్‌ను చూసే ఈ పద్ధతే వాడండి. బంపర్ చిన్నదే కదా, త్వరగా అయిపోతుందని ఆయన అనుకుంటాడు. బంపర్ అంతా వంపులే కాబట్టి 3 అంగుళాల ప్యాడ్ కావాలని, బానెట్ కంటే ఎక్కువసేపు పడుతుందని పని ఒప్పుకునే ముందే ప్యాడ్ ఆనించి చూపించండి. రేటూ, కారు అప్పగించే టైమూ దాన్నిబట్టే రాసివ్వండి.