చందా, కండువా, డీజిల్: సందేహాలు – సమాధానాలు

ప్రశ్న: వడ్ల కొనుగోలు సెంటర్‌ల హమాలి పని చేస్త. సంఘం చందా కాక పార్టీ సభకని ఇంకో రెండొందలు పట్టుకున్నరు. అడిగితే "సంఘంల ఉంటవా, పోతవా?" అంటున్నరు. ఇయ్యకుంటే తీసేస్తరా?
– ఒక హమాలి, కట్టంగూర్

జవాబు: మీ సంఘం రిజిస్టరైందో లేదో ముందు తెలుసుకోండి. రిజిస్టరైతే చట్టం మీ వైపే ఉంది. రాజకీయ ఖర్చులకు సంఘం వేరే నిధి పెట్టుకోవాలని, దానికి ఇమ్మని సభ్యుణ్ని బలవంతపెట్టరాదని, ఇవ్వలేదని తేడా చూపరాదని 1926 ట్రేడ్ యూనియన్ల చట్టం 16వ సెక్షన్ చెప్పింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్ ఆ పాత చట్టాన్ని రద్దు చేసినా ఈ నియమాన్ని ఉంచింది.

కానీ వడ్ల కుప్పల దగ్గర చట్టం ఎవరు చదువుతారు? మేస్త్రీ పిలిస్తేనే బస్తా భుజానికెక్కుతుంది. ఒక్కరే ఎదురు తిరిగితే పక్కన పెట్టడం తేలిక. నలుగురైదుగురు కలిసి వెళ్లి చందాకో రసీదు, సభకో రసీదు విడివిడిగా అడగండి. సంఘాన్ని మాత్రం వదలకండి. రేపు బస్తా రేటు కోసం కొట్లాడాల్సింది అదే. సంఘానికి ఒక పార్టీ ఉండటం నాకు తప్పనిపించదు, రసీదు రాయకపోవడం తప్పనిపిస్తుంది.

ప్రశ్న: ఒక గుర్తుకు ఓటేసి గెలిపిస్తే ఇంకో పార్టీల తేలుతున్నరు. ఇది నేరం కాదా?
– ఒక ఓటరు, కట్టంగూర్ మండలం

జవాబు: కాదు. నకిరేకల్ నియోజకవర్గంలో ఓటున్న మీకు ఈ కథ నాకన్నా బాగా తెలుసు. 2014లో టీఆర్ఎస్ వేముల వీరేశం కాంగ్రెస్ చిరుమర్తి లింగయ్యను ఓడించారు. 2018లో లింగయ్య గెలిచారు. 2023లో మళ్లీ ఆ ఇద్దరే, కండువాలు మాత్రం తారుమారు. వీరేశం మారేనాటికి పదవిలో లేరు కాబట్టి ఆయనకు ఫిరాయింపుల చట్టం వర్తించదు.

లింగయ్య సంగతి వేరు. చట్టసభ పార్టీలో మూడింట రెండొంతుల మంది కలిసి విలీనానికి ఒప్పుకుంటే ఆ ఫిరాయింపుల చట్టం, అంటే రాజ్యాంగం పదో షెడ్యూలు, కింద అనర్హత లేదు. 2018లో కాంగ్రెస్ గెలిచింది 19 సీట్లు. అంటే 13 మంది కావాలి. హుజూర్‌నగర్ ఎమ్మెల్యే ఉత్తమ్ కుమార్ రెడ్డి నల్లగొండ ఎంపీగా గెలిచి శాసనసభ సీటు వదులుకోవడంతో 18 మందే మిగిలారు. ఇక 12 చాలు. సరిగ్గా 12 మందే టీఆర్ఎస్‌లోకి వెళ్లారు, 2019 జూన్ 6న విలీనానికి ఆమోదముద్ర పడింది. లింగయ్య అందులో ఒకరు.

ఒక్కరు పోతే ఫిరాయింపు, పన్నెండు మంది పోతే విలీనం! ఈ లెక్క నాకెప్పుడూ మింగుడుపడలేదు. 2023 తర్వాత అదే రోగం అటు నుంచి ఇటు తిరిగింది. బీఆర్ఎస్ (పాత టీఆర్ఎస్) నుంచి కాంగ్రెస్‌లోకి వెళ్లారంటూ పదిమంది ఎమ్మెల్యేలపై వచ్చిన ఫిర్యాదులను మూడు నెలల్లో తేల్చాలని 2025 జూలై 31న సుప్రీంకోర్టు స్పీకర్‌కు చెప్పాల్సి వచ్చింది. నాడు గొంతు చించుకున్నవాళ్లు నేడు నోరు విప్పరు, నాడు మురిసినవాళ్లు నేడు రాజ్యాంగం చదువుతున్నారు.

మారాలనుకుంటే రాజీనామా చేసి మళ్లీ ఓటడగాలి. 2022లో పక్కనే మునుగోడులో కోమటిరెడ్డి రాజగోపాల్ రెడ్డి ఆ పనే చేశారు, ఓడారు. ఆ ఉప ఎన్నికలో పారిన డబ్బు గురించి ఎన్ని విన్నా, ఓటరును అడిగారన్న మాట మాత్రం మిగిలింది. అన్నట్టు, మీ నకిరేకల్ నుంచే నర్రా రాఘవరెడ్డి ఒకే పార్టీ, సీపీఎం తరఫున ఆరుసార్లు గెలిచారు.

ప్రశ్న: ఆడోళ్లకు ఫ్రీ బస్సు దండగ అని మా ఆయన, కాదని నేను. మీరేమంటరు?
– ఒక గృహిణి

జవాబు: మీ పక్షమే. 2023 డిసెంబర్ 9 నుంచి కూలికి, దవాఖానకు, కాలేజీకి పోయే చార్జీ మీ కొంగున మిగిలింది. అయితే జీరో టికెట్ సొమ్ము సర్కారు ఆర్టీసీకి వేళకు కట్టాలి. లేదంటే ఆ భారం 2019లో 52 రోజులు సమ్మె చేసిన కార్మికుల నెత్తినే పడుతుంది. మీ ఆయన్ని ఆ బకాయి గురించి అడగమనండి, అక్కడ నేనూ ఆయన వైపే.

ప్రశ్న: పల్లె ప్రగతి కింద కొన్న పంచాయతీ ట్రాక్టర్‌కు డీజిల్ బిల్లు ఎక్కువ రాస్తున్నరని అనుమానం. ఎవరిని అడగాలె?
– ఒక యువకుడు

జవాబు: గ్రామసభలో అడగండి. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం దాన్ని రెండు నెలలకోసారి పెట్టాలి. అక్కడ జవాబు రాకపోతే పంచాయతీ కార్యదర్శికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. గ్రామస్థాయిలో ఫీజు లేదు, 30 రోజుల్లో జవాబివ్వాలి. అందులో "డీజిల్ తిన్నరు" అని రాయకండి. ఫలానా నెల ట్రాక్టర్ లాగ్‌బుక్, డీజిల్ బిల్లుల నకళ్లు కావాలని మాత్రమే రాయండి.