పాత నాణేన్ని తోమకండి!

రాగి చెంబు మసకబారితే చింతపండు, ఉప్పు పెట్టి తోముతాం. ఇల్లాలి చేతి మహిమ అంతా ఆ మెరుపులో కనిపిస్తుంది. ఇంట్లో ఉన్న పాత రాగి, కంచు నాణేనికి మాత్రం ఈ వైద్యం పనికిరాదు. దాని మీది బొమ్మ, అక్షరాలు, వందల ఏళ్లలో గట్టిపడిన పైపొర కలిస్తేనే దాని విలువ. చింతపండు పులుపు ఆ పొరను కరిగిస్తుంది, ఉప్పు లోపలికి చేరి తర్వాత కూడా లోహాన్ని తింటుంది.

నాణేల సేకరణ నాకు ఇరవై ఏళ్ల అలవాటని తెలిసి, ఇక్కడ పోర్ట్ బ్లెయిర్ (ఇప్పుడు శ్రీ విజయపురం) క్వార్టర్స్‌లో ఉండే ఒక సహోద్యోగి భార్య తమ పూజపెట్టెలోని ఆకుపచ్చ బిళ్లను తెచ్చి చూపించారు. మామగారి తండ్రి శ్రీకాకుళం వైపు నుంచి ఈ దీవులకు వస్తూ తెచ్చుకున్నదట. "రోమన్ నాణెం అంటున్నారు సార్, లక్షలు వస్తాయట. దసరాకి తోమి పెడదామనుకుంటున్నాం" అన్నారు. ముందు తోమడం ఆపించి, ఇద్దరం కలిసి భూతద్దంతో చూశాం.

గుర్తించడం ఎలా?

తెలుగు నేలలో రోమన్ నాణేలు దొరికిన మాట నిజమే. నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలో అగస్టస్, టైబీరియస్ చక్రవర్తుల వెండి నాణేలు పెద్ద నిధిగా బయటపడ్డాయి. అయితే మన వైపు దొరికినవి ఎక్కువగా వెండి, బంగారంవే. చిన్న కంచు నాణేలు తమిళనాడులోని కరూర్, మదురై ప్రాంతాల్లో, శ్రీలంకలో ఎక్కువ.

క్రీ.శ. 4, 5 శతాబ్దాల రోమన్ కంచు నాణేలు చాలావరకు బొటనవేలి గోరంత ఉంటాయి. ఒకవైపు చక్రవర్తి తల, సాధారణంగా కుడివైపు చూస్తూ ఉంటుంది. చుట్టూ లాటిన్ అక్షరాలు 'డి ఎన్'తో మొదలై 'ఏ వి జి'తో ముగియడం తరచుగా కనిపిస్తుంది. రెండోవైపు అడుగున గీత కింద ముద్రణాలయం గుర్తు ఉంటుంది. ఏనుగు, బ్రాహ్మీ లిపి ఉంటే శాతవాహన నాణెం కావచ్చు. అంచు చుట్టూ అతుకు గీత, పైన బుడగల గుంతలు ఉంటే అచ్చుపోసిన నకలేమోనని అనుమానించాలి.

మేము చూసిన బిళ్ల 1980ల నాటి పెద్ద రూపాయికంటే కాస్త పెద్దది. సింహాలు పట్టిన కవచం, కింద 1808, వెనక పారశీక అక్షరాలు. అది మద్రాసు ప్రెసిడెన్సీ కోసం ఈస్టిండియా కంపెనీ వేయించిన 20 కాసుల రాగి నాణెం. రోమన్ కాదు, లక్షలూ రావు. ఆమె ముఖం ఒక్క క్షణం చిన్నబోయింది. శ్రీకాకుళం ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోదేనని చెప్పాక, "అయితే ఇది మా వాళ్లు వాడిన డబ్బే అయ్యుంటుంది" అంటూ బిళ్లను మళ్లీ చేతిలోకి తీసుకున్నారు.

అసలు శత్రువు ఉప్పుగాలి

ఆ బిళ్ల అంచున లేత ఆకుపచ్చ పొడి రాలుతోంది. గట్టిగా, నునుపుగా ఉన్న చిలుము నాణేనికి కవచం. పొడిలా రాలేది జబ్బు. లోహంలో చేరిన ఉప్పు తేమతో, గాలితో కలిసి ఆమ్లం పుట్టిస్తుంది. అది కొత్త లోహాన్ని తిని, మళ్లీ అదే చక్రం మొదలవుతుంది. చుట్టూ సముద్రం, ఏటా రెండు రుతుపవనాలు ఉన్న ఈ దీవుల్లో ఇది ఇంకా త్వరగా ముదురుతుంది. రాగికీ, కంచుకీ ఒకే వైద్యం.

* నాణేన్ని అంచుల దగ్గరే పట్టుకోండి. చేతి చెమటలోనూ ఉప్పు ఉంటుంది.
* డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, రెండు మూడు రోజులకోసారి నీళ్లు మార్చండి. కుళాయి నీళ్లు వద్దు.
* వదులైన మట్టిని మెత్తటి బ్రష్‌తో, వెదురు పుల్లతో తీయండి. పూర్తిగా ఆరనివ్వండి.
* గాలి చొరని డబ్బాలో సిలికా జెల్‌తో ఉంచండి. నీలం గింజలు గులాబీ రంగుకు మారితే వేడిచేసి మళ్లీ వాడండి.
* మెత్తటి పీవీసీ కవర్లు వద్దు. లాకర్‌లో పెట్టినా ఈ డబ్బాతోనే పెట్టండి.
* పొడి మళ్లీ వస్తే మ్యూజియం నిపుణులకు చూపించండి.

రెండు జాగ్రత్తలు

భూమిలో దొరికిన నిధి విలువ పది రూపాయలు దాటితే కలెక్టర్‌కు తెలియజేయాలని 1878 నాటి చట్టం చెబుతోంది. ఇక పాత నాణేలు కొంటామంటూ ముందుగా కమీషన్ అడిగేవారిని నమ్మకండి. తన పేరుతో జరుగుతున్న ఇలాంటి మోసాల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో హెచ్చరించింది.

చివరగా, నాణేనికి రెండువైపులా ఫోటో తీసి, బరువు, ఎవరు ఎక్కడినుంచి తెచ్చారన్నది ఒక కాగితం మీద రాసి భద్రపరచండి. ఆ సంగతి తెలిసిన పెద్దలు ఇంట్లో ఉండగానే రాయండి.