ఛార్జింగ్ ఎక్కట్లేదని బిడ్డ ఎందుకు చెప్పలేదు?

ఇంట్లో ట్యాబ్ ఛార్జరు పాడైన సంగతి ముందు పిల్లలకే తెలుస్తుంది. మనకు తెలిసేసరికి వారమో నెలో గడిచిపోతుంది. ఇన్నాళ్లూ నోరెందుకు మెదపలేదని మనకు కోపం వస్తుంది. రావడం సహజమే. ఆ కోపం వెనక ఉండేది భయం. చదువు వెనకబడిందేమో, డబ్బు దండగైందేమో, బిడ్డ మన దగ్గర దాచడం నేర్చుకుందేమో అని. మొదటి రెండింటికీ దారి ఉంది. ఛార్జరు సంగతైతే మనం కింద కూర్చుని చూస్తే గంటలో తేలిపోతుంది, ఎలాగో చెబుతాను. నేను ఎక్కువగా మాట్లాడాలనుకుంటున్నది మూడో భయం గురించి.

మన అనంతపురం పల్లెల్లో చాలా ఇళ్లకు ట్యాబ్ బడి నుంచే వచ్చింది. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో రాష్ట్ర ప్రభుత్వం ఈ పంపిణీ మొదలుపెట్టింది. ఎనిమిదో తరగతి చదివే 4,59,564 మంది పిల్లలకు, 59,176 మంది టీచర్లకు శాంసంగ్ ట్యాబులు ఇస్తున్నామని ప్రకటించింది. మరుసటి ఏడాది అదే తేదీన ఇంకో విడత మొదలైంది. మొదటి విడత పిల్లలు 2025 మార్చిలో పదో తరగతి పరీక్షలు కూడా రాసేశారు. ఇప్పుడు ఆ ట్యాబులు తమ్ముళ్ల చేతుల్లో, చెల్లెళ్ల చేతుల్లో ఉన్నాయి. ట్యాబ్ ఇంకా నడుస్తున్నా, దాంతో వచ్చిన కేబుళ్లు చాలావరకు అరిగిపోయాయి.

అది ఇంటికి వచ్చిన రోజు మనమేమన్నామో గుర్తు తెచ్చుకుందాం. 'జాగ్రత్త, ఇది పోయిందంటే నీ వీపు విమానం మోత మోగుతుంది' అని ఉంటాం. ప్రేమతో అన్న మాటే అది. బిడ్డకొక మంచి వస్తువు దొరికింది, చేజారిపోకూడదన్న ఆత్రంతో అన్నాం. సాయంత్రానికి మనం మరిచిపోయాం. పిల్లలు మరవరు. కేబుల్ పెట్టినా బ్యాటరీ గుర్తు వెలగని రోజున వాళ్లకు ముందుగా గుర్తొచ్చేది ఆ మాటే.

దెబ్బల భయమొక్కటే అయితే ఇంత చెప్పే పని లేదు. మన సీమలో పిల్లలకు లెక్కలు బడిలో కంటే ముందు ఇంట్లో వస్తాయి. ఏడాది మొత్తం మీద 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. అదైనా పడాల్సినప్పుడు పడదు. శనక్కాయ విత్తనం వేసి మబ్బుకేసి చూసే రోజుల్లో ఇంట్లో మాటలెలా ఉంటాయో మనకు తెలుసు. బోరు వేయించి నీళ్లు పడకపోతే ఆ రాత్రి ఎవరికీ ముద్ద దిగదు. మూలన పుస్తకం ముందు పెట్టుకుని కూర్చున్న పిల్ల అదంతా వింటూనే ఉంటుంది. వడ్డీ ఎంతైంది, బ్యాంకులో కుదువ పెట్టిన కమ్మలు ఎప్పుడు విడిపించాలి, ఈసారి బెంగళూరుకు ఎవరెవరు పోవాలి, అన్నీ దాని చెవిన పడతాయి. మనం పెద్దవాళ్లతో మాట్లాడుతున్నామనుకుంటాం. అలాంటి ఇంట్లో కేబుల్ పోయిందని చెప్పడం ఆ పిల్లకు ఇంకో అప్పు మోసుకొచ్చినట్టు అనిపిస్తుంది. అందుకే చెప్పదు.

నేను పాఠాలు చెప్పే కాలంలో ఒక తల్లి, ట్యాబును పాత చీరముక్కలో చుట్టి బడికి తెచ్చింది. కూతురు ఆమె వెనకే నిలబడింది. మూట విప్పి చూస్తే కేబులు మెడ దగ్గర, ప్లగ్గుకు బెత్తెడు దూరంలో, గాయానికి వేసే పట్టీ చుట్టి ఉంది. పట్టీ అంచులు నల్లబడ్డాయి. అంటే చాలాసార్లు విప్పి చుట్టింది. "నాకు నిన్ననే తెల్సింది సార్. అడిగినప్పుడల్లా ఛార్జింగ్ పెట్టినా అనేది" అంది తల్లి. ఎందుకమ్మా చెప్పలేదని నేను అడిగితే ఆ పిల్ల తల్లి వైపు చూసి, "నాయిన బోరు బాకీ కట్టాల అంటాండె కదా సార్" అంది. ఆ తల్లి మళ్లీ ఒక్క మాట అనలేదు. పట్టీ కింద రాగి తీగలు బయటికే ఉన్నాయి. ఆ పిల్ల రోజూ దాన్నే ప్లగ్గులో పెడుతోంది.

ఇదే మనకు మింగుడుపడని నిజం. మన గద్దింపు వస్తువును కాపాడదు. పాడైన సంగతి మనకు చేరకుండా మాత్రం ఆపుతుంది. ఆ దాచిన రోజుల్లోనే ప్రమాదం పెరుగుతుంది. తెగిన తీగకు పట్టీ చుట్టిన బిడ్డ చెడ్డది కాదు, మన ఖర్చు తగ్గించాలని చూసిన బిడ్డ. ఆ మంచితనం మీదే మనం గట్టిగా అరిస్తే అది ఇంకోసారి ఇంకా లోతుగా దాచుతుంది.

మరి ఏం చేద్దాం? 'మాకు ఈ కరెంటు వస్తువుల సంగతి తెలీదు సార్' అంటారు చాలామంది. తెలుసు. పొలంలో మోటారు ఆడకపోతే మీరు మొదటే పైపులు పీకి మోటారు బయటికి తీయరు. కరెంటు ఉందా, మూడు ఫేజులూ వస్తున్నాయా, ఫ్యూజు పోయిందా, స్టార్టరు పట్టుకుంటోందా, కేబులు ఎక్కడైనా తెగిందా అని చూశాకే మోటారు మీదికి అనుమానం పోతుంది. ట్యాబ్ దగ్గరా అదే వరస. తేడా ఒక్కటే, ఇక్కడ చేతులు బిడ్డవి కావాలి. మనం పక్కన కూర్చుందాం.

ముందు గోడకున్న పాయింటు. అందులో మన ఫోను పెట్టి చూడమనండి. పాతబడి వదులైన పాయింటులో పిన్నులు సరిగా ఆనవు. ఫోను ఎక్కుతోందంటే పాయింటు మంచిదే. తర్వాత అడాప్టరు, కేబులు. ఇవి రెండు వేరు వేరు వస్తువులు, ఒకటి పోతే రెండూ పోయినట్టు కాదు. పక్కింటి కేబులు తెచ్చి మన అడాప్టరుకు తగిలిస్తే ఎక్కిందా, పోయింది మన కేబులే. ఎక్కకపోతే మన కేబులును వాళ్ల అడాప్టరుకు పెట్టి చూడాలి. ఎక్కువసార్లు పోయేది కేబులే, అదీ మెడ దగ్గరే. కేబులు ఒక్కటే కొంటే సరిపోయే చోట దుకాణంలో మొత్తం సెట్టు అంటగట్టకుండా ఈ చిన్న పరీక్ష కాపాడుతుంది. ఇలా పొదుపు చేయడం బిడ్డకు తెలిస్తే, దాచి పొదుపు చేయాల్సిన అవసరం తగ్గుతుంది.

అడాప్టరు లో ఓల్టేజీ వల్లే పోయిందని మన పల్లెల్లో అనుకుంటాం. ఫోను కెమెరాతో పెద్దది చేసి అడాప్టరు మీది సన్న అక్షరాలు బిడ్డతో చదివించండి. ఇన్‌పుట్ 100-240 అని ఉంటుంది. కరెంటు బాగా డల్ అయినా పనిచేసేలా తయారుచేసిందే అది. దాన్ని దెబ్బతీసేది కరెంటు పోయి ఒక్కసారిగా ఎగిసి వచ్చే క్షణం, పిడుగుల వేళ. ఉరుములు మొదలైతే ప్లగ్గు తీసేయడం అలవాటు చేద్దాం.

ఆ తర్వాత ట్యాబుకున్న రంధ్రం. టార్చి వేసి చూస్తే సంచి అడుగున ఉండే నూగు, ఎర్రమట్టి దుమ్ము గట్టిగా అణిగి కనబడొచ్చు. దాంతో ప్లగ్గు పూర్తిగా లోపలికి పోదు. ట్యాబ్ ఆఫ్ చేసి, పళ్లు కుట్టుకునే చెక్కపుల్లతో మెల్లగా తీయాలి. పిన్నీసు, సూది వద్దు, లోపలి సన్నటి పలక మీద గీతలు పడితే మరమ్మతుకే పోవాలి. నోటితో ఊదినా తడి చేరుతుంది. టైప్-సి ప్లగ్గు ఎటు తిప్పి పెట్టినా ఎక్కాలి. ఒక వైపు పెడితేనే ఎక్కుతోందంటే పిన్నులు అరిగాయని అర్థం.

కొన్నిసార్లు పాడైందేమీ ఉండదు. వేసవి సెలవుల్లో పెట్టెలో పెట్టి మరిచిన ట్యాబుకు బ్యాటరీ పూర్తిగా దిగిపోతుంది. ఛార్జరు పెట్టగానే తెర వెలగదు. అరగంటో గంటో అలాగే వదిలి చూడాలి. అప్పటికీ ఉలుకూ పలుకూ లేకపోతే, శాంసంగ్ ట్యాబుల్లో పవర్ బటను, సౌండు తగ్గించే బటను రెండూ కలిపి పది సెకన్ల దాకా నొక్కి పట్టుకోవాలి. చాలావాటికి ప్రాణం వస్తుంది. మన ఎండల సంగతి కూడా ఉంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో మధ్యాహ్నం పెట్టిన ట్యాబ్ 45 డిగ్రీల వేడికి చేరితే తనే ఛార్జింగ్ ఆపేసుకుంటుంది. లిథియం బ్యాటరీని కాపాడే ఏర్పాటు అది. కవరు తీసి, రాత్రి చల్లబడ్డాక పెడితే మామూలుగా ఎక్కుతుంది. అవ్వ వాడే కీప్యాడ్ ఫోను ఛార్జరు పెట్టి, ఎక్కట్లేదని దిగులుపడే పిల్లలూ ఉన్నారు. ఐదు వేల ఎంఏహెచ్ బ్యాటరీకి ఆ చిన్న ఛార్జరుతో పది గంటలు దాటుతుంది. తెర వెలిగించి చూస్తూ ఉంటే అసలే ఎక్కదు.

ఇలా వెతికేటప్పుడు కేబులు మనకు ఇంకో సంగతి కూడా చెబుతుంది. ట్యాబ్ కదలకుండా ఛార్జింగ్‌లో ఉంటే మెడ అంత తొందరగా విరగదు. ఎక్కువగా విరిగేది ప్లగ్గులో ఉండగానే పట్టుకుని చూస్తుంటే, పడుకుని రొమ్ము మీద పెట్టుకుని చూస్తుంటే. పైగా మన ఇళ్లలో స్విచ్ బోర్డు భుజమెత్తున ఉంటుంది. కేబులు సగందూరమే వస్తుంది, ట్యాబ్ కింద బియ్యం బస్తా మీదో స్టూలు అంచు మీదో నిలబడాలి. బోర్డు పక్కన మేకు కొట్టి ఒక గుడ్డసంచి వేలాడదీస్తే ఆ సమస్య తీరుతుంది. చూసే గంటల సమస్యకు మాత్రం మేకు చాలదు. రాత్రి పదకొండుకు ఆ వెలుగు ముందు బిడ్డ ఒంటరిగా ఏం చూస్తోందో, ఏం వెతుక్కుంటోందో మనం అడగాలి. పగలు అడగాలి, మామూలు గొంతుతో అడగాలి. పాఠం అర్థం కాక తిరిగి తిరిగి చూసే పిల్లలున్నారు. నిద్ర పట్టక చూసేవాళ్లున్నారు. వట్టి ఆటలకు అలవాటుపడ్డవాళ్లూ ఉన్నారు. ముగ్గురికీ ఒకే తిట్టు పనిచేయదు.

ఎక్కువ చూస్తున్నారని ఛార్జరు తీసి బీరువాలో దాచే ఇళ్లు కొన్ని ఉన్నాయి. ఆ తల్లిదండ్రుల బాధ నాకు తెలుసు, చెప్పి చెప్పి విసిగి చేసే పని అది. కానీ ఛార్జరే శిక్ష అయిపోయిన ఇంట్లో, ఛార్జరు నిజంగా పాడైన రోజు ఆ మాటెత్తడానికి బిడ్డకు నోరు రాదు. స్నేహితుల దగ్గర దొరికిన ఏదో ఒక వైరు తెచ్చుకుంటుంది. ట్యాబుకు వేళ పెట్టండి, తొమ్మిదికి మన చేతికి ఇమ్మనండి. ఛార్జరు మాత్రం అందరికీ కనబడే చోటే ఉండనీయండి.

పని కోసం బెంగళూరు పోయి, పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలినవాళ్లకు ఇది ఇంకా కష్టం. ఫోనులో 'బాగుండావా' అంటే 'ఆ' అంటారు, అంతటితో సరి. ఆ 'ఆ' వెనక ఏముందో దూరం నుంచి తెలీదు. అందుకే 'చదువుకుంటాండావా' అని అడిగే బదులు 'ఈ వారం ఇంట్లో ఏమన్నా పాడైందా నాయనా' అని అడిగి చూడండి. పాడైంది అంటే మొదటి మాటగా 'చెప్పి మంచి పని చేసినావు' అనండి. తర్వాతే మిగతా ప్రశ్నలు. ఉగాదికి కొత్తది కొనిస్తాననే మాట మాత్రం తొందరపడి ఇవ్వొద్దు. వానలు మన చేతిలో లేవు, మాట తప్పితే బిడ్డ రెండోసారి అడగదు.

కొత్తది కొనాల్సి వస్తే సంతలో ఊరూపేరూ లేని ఛార్జరు వద్దు. అడాప్టరు మీద బీఐఎస్ గుర్తు, ఐఎస్ 13252 అనే అంకె, ఆర్ అక్షరంతో మొదలయ్యే నంబరు ఉన్నాయేమో బిడ్డనే చూడమనండి. రాగి కనబడే కేబులును ఎంత బాగా చుట్టినా వాడకూడదు. తెంపి పారేయాలి. ట్యాబ్ వెనక మూత ఉబ్బినట్టుంటే అది బ్యాటరీ ఉబ్బడమే. ఆ క్షణం నుంచి ఛార్జింగ్ పెట్టొద్దు, నొక్కొద్దు, ఎండలో ఉంచొద్దు, పిల్లలను తాకనివ్వొద్దు. అలాంటి ట్యాబును మాత్రం పెద్దవాళ్లే పట్టుకోవాలి.

మరమ్మతుకు అనంతపురమో కళ్యాణదుర్గమో పోవాల్సి వస్తే బిడ్డను వెంట తీసుకెళ్లండి. ఏం పాడైందో, మనం ఏమేం చూశామో అంగడివాడికి బిడ్డనే చెప్పనివ్వండి. మెమరీ కార్డు ఉంటే ముందే తీసి దాచుకోండి. ట్యాబ్ తిరిగి వచ్చేదాకా పాఠాలు ఆగనక్కరలేదు. మన ప్రభుత్వ పాఠ్యపుస్తకాల్లో క్యూఆర్ కోడ్‌లు ముద్రించి ఉన్నాయి. మీ ఫోనులో దీక్షా యాప్ వేసుకుని వాటిని స్కాన్ చేస్తే ఆ పాఠానికి సంబంధించిన వీడియోలు వస్తాయి. సాయంత్రం పని నుంచి వచ్చాక అరగంట మీ ఫోను బిడ్డకిచ్చి, మీరూ పక్కన కూర్చుని చూడండి.