మంత్రగత్తెల మాట నమ్మిన గురువు

ఐరోపాలో మంత్రగత్తెలని నింద వేసి మనుషులను కాల్చి చంపారనీ, అందులో తిరుసభ పెద్దల చేయి ఉందనీ ఎవరైనా అంటే మీరేమంటారు? కోపపడకండి. ఆ మాట నిజమే. 15వ శతాబ్దం నుండి 18వ శతాబ్దం వరకు సుమారు 40 నుండి 50 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. వారిలో ఎక్కువమంది స్త్రీలు. ప్రొటెస్టంటు ప్రాంతాల్లోనూ జరిగింది గాని, అది మనకు సాకు కాదు. జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో ఆ రోజుల్లో పీఠాధిపతే రాజు. 1620ల చివరి సంవత్సరాల్లో అక్కడ వందల మంది బలయ్యారు. పసిపిల్లలను, గురువులను కూడా వదల్లేదు.

విచిత్రమేమంటే, స్త్రీలు రాత్రివేళ గాలిలో ఎగురుతారనుకోవడం వట్టి భ్రమ అని 10వ శతాబ్దం నాటి తిరుసభ శాసనమే చెప్పింది. తరువాతివారు దాన్ని పక్కన పెట్టారు.

ఆ కాలంలోనే ఫ్రెడరిక్ ష్పే అనే యేసుసభ గురువు ఉండేవారు. శిక్ష పడిన స్త్రీలను ఆయన కడవరకు సాగనంపారు. 1631లో తన పేరు లేకుండా లతీను భాషలో ఒక పుస్తకం అచ్చయింది. మంత్రగత్తెలే లేరని ఆయన అనలేదు. తాను సాగనంపిన వారిలో దోషి ఒక్కరూ కనిపించలేదన్నారు. విచారణ తీరు చూడండి: ఆమె నడవడి చెడ్డదైతే అదే రుజువు, మంచిదైతే నటన. భయపడితే తప్పు చేసినట్టు, భయపడకపోతే సైతాను ధైర్యమిచ్చినట్టు. చిత్రహింసకు తాళలేక ఒప్పుకుంటే, తోడు ఎవరెవరు వచ్చారో చెప్పమంటారు. నొప్పికి ఆమె పొరుగింటావిడ పేరు చెబుతుంది. మర్నాడు ఆ పొరుగింటావిడ వంతు. ఇలాగే హింసిస్తే న్యాయాధిపతులూ, మేమూ ఒప్పుకోమా అని ఆయన ప్రశ్న.

మన పల్లెల్లో చేతబడి, బాణామతి అని ఒక ముసలమ్మను వేలెత్తి చూపేటప్పుడూ ఇదే లెక్క కదా! ఏడిస్తే దొంగ ఏడుపు, ఏడవకపోతే రాతి గుండె.

యేసుసభలోనే కొందరు ఆయనపై మండిపడ్డారు. ఆయన జుట్టు వయసుకు ముందే ఎందుకు నెరిసిందని ఒక యువకుడు అడిగితే, నిర్దోషులను మంటల దాకా సాగనంపిన దుఃఖం వల్లనేనని చెప్పారట. ఈ సంగతిని 1710లో తత్వవేత్త లైబ్నిజ్ రాశారు. ఆ యువకుడు షోన్‌బోర్న్ తరువాత వుర్జ్‌బర్గ్ పీఠాధిపతి అయ్యారు. తన ఏలుబడిలో ఈ దహనాలను ఆపించారు.

ష్పే గురువు అది చూడలేదు. ట్రియర్ నగరంలో జబ్బుపడిన సైనికులకు సేవ చేస్తూ, వారి అంటురోగమే సోకి, 1635 ఆగస్టు 7న, 44వ ఏట మరణించారు. ఆయన కట్టిన కీర్తనలు జర్మనీ దేవాలయాల్లో నేటికీ పాడతారు.