పాత స్క్రూ స్పానర్: ఉక్కు, తుప్పు, చింతపండు

అమెరికాలో సొంత ఇల్లు కొనుక్కున్న ప్రవాసాంధ్రునికి మొదటి శీతకాలం గడిచేలోగానే నట్టూ బోల్టూ విలువ తెలిసివస్తుంది. స్వదేశంలో కుళాయి కారితే వీధి చివరనున్న మేస్త్రీకి కబురంపితే సరిపోయేది. ఇక్కడ ప్లంబరు గడప తొక్కినందుకే రుసుము చెల్లించాలి. కనుక డాక్టరైనా, ఇంజనీరైనా ఏదో ఒక రాత్రి వంటగది సింకు కింద వెల్లకిలా పడుకొని నట్టుతో కుస్తీ పట్టక తప్పదు. ఆ సమయంలో చేతనున్న స్పానర్ నాసిరకానిదైతే దాని దవడలు సడలి, నట్టు మూలలు అరిగి గుండ్రనవుతాయి. గుండ్రనైన నట్టును మామూలు స్పానరేదీ పట్టలేదు. ఐదు నిమిషాల పని రెండు రోజులకు సాగుతుంది, ఈలోగా బేస్‌మెంటులో నీరు నిలుస్తుంది. జారిన చేయి పైపుకు కొట్టుకొని వేళ్ళ కణుపుల మీద చర్మం లేచిపోవడం దీనికి అదనం.

శనివారం ఉదయం గరాజ్ సేళ్ళలో, ఫ్లీ మార్కెట్లలో, ఒకటి రెండు డాలర్లకు దొరికే పాత స్క్రూ స్పానర్లు తుప్పుపట్టి చూపులకు హీనంగా ఉంటాయి. వాటిలో కొన్ని, దుకాణంలో తళతళలాడే చవకరకం కొత్తవాటికన్న ఎంతో మేలైనవి. అందుకు కారణమేమిటి, అటువంటి దానిని గుర్తించి తిరిగి పనిలో పెట్టడమెట్లా అన్నది ఈ వ్యాస విషయం.

ముందుగా కొంత చరిత్ర. మర తిప్పి దవడల ఎడాన్ని మార్చుకొనే స్పానర్ ఒక్కరి బుర్రలో పుట్టినది కాదు. మసాచుసెట్స్‌లోని వూస్టర్‌లో లోరింగ్ కోస్ 1841లో ఒక నమూనాకు పేటెంటు పొందాడు. దాదాపు ఆ రోజులలోనే ఇంగ్లండులో ఎడ్విన్ బడ్డింగ్ మరొకటి చేశాడంటారు. 1830లో గడ్డికోత యంత్రాన్ని కనిపెట్టినవాడూ ఆయనే. నేడు అందరికీ పరిచితమైన రూపం, అనగా వాలుగా ఉన్న తల, ఒక స్థిరమైన దవడ, బొటనవేలితో తిప్పే మరమీద జరిగే రెండవ దవడ, స్వీడన్ దేశీయుడు యోహాన్ పెట్టర్ యోహాన్సన్ ప్రసాదం. ఎన్‌షోపింగ్ పట్టణంలోని తన కార్ఖానాలో ఆయన 1890 దశకం తొలినాళ్ళలో దీనిని రూపొందించాడు. ఆ సరకు బాకో పేరుతో ప్రపంచమంతటా వ్యాపించింది. 1907లో కార్ల్ పీటర్సన్ అనే మరొక స్వీడన్ దేశీయుడు న్యూయార్క్ రాష్ట్రంలోని జేమ్స్‌టౌన్‌లో క్రెసెంట్ టూల్ కంపెనీని స్థాపించాడు. ఆ పేరు ఎంతగా నాటుకుందంటే, అమెరికాలో ఎవరు చేసిన స్క్రూ స్పానరైనా "క్రెసెంట్ రెంచి" అయి కూర్చుంది. ఇక స్పెయిన్‌వారు దీనిని ఇంగ్లీషు తాళంచెవి అంటారు, పోలండువారు స్వీడిష్ తాళంచెవి అంటారు, ఇరాన్‌లో ఇది ఫ్రెంచి రెంచి! పుట్టిల్లు ఎవరిదో తేలని బిడ్డకు ఇన్ని ఇంటిపేర్లు. మరొక మాట: నల్లజాతి బాక్సింగ్ వీరుడు జాక్ జాన్సన్ మూలంగా "మంకీ రెంచి" అనే పేరు వచ్చిందని ఒక కథ ప్రచారంలో ఉన్నది. 1922లో ఆయన ఒక రెంచికి పేటెంటు పొందిన మాట నిజమే. కాని ఆ పేరు ఆయన పుట్టకముందే వాడుకలో ఉన్నది.

తల వాలుగా ఉండడం అందానికి కాదు. ఇరుకైన చోట స్పానర్‌ను కొద్దిగా తిప్పి, తీసి, తిరగేసి మళ్ళీ పట్టించాలి. ఆరు పలకల నట్టు ప్రతి 60 డిగ్రీలకు ఒకసారి దవడలకు చిక్కుతుంది. తల 15 డిగ్రీలు వాలి ఉంటే తిరగేసినప్పుడు 30 డిగ్రీల తేడా వస్తుంది. అనగా సగం తిప్పుతోనే మరల పట్టు దొరుకుతుంది. పూర్వం నాలుగు పలకల నట్లు ఎక్కువ. వాటికి 90లో సగం 45, అందులో సగం 22.5. పాత అమెరికన్ స్పానర్లలో కనిపించే 22.5 డిగ్రీల వాలు నాలుగు పలకల నట్టుకు ఈ లెక్క ప్రకారం సరిగ్గా అతుకుతుంది. పిల్లలకు కోణాల లెక్కలు నేర్పదలచిన తల్లిదండ్రులు ఒక స్పానర్, రెండు నట్లు బల్లమీద పెడితే చాలును.

ఇప్పుడు లోహం సంగతి. చవక స్పానర్లలో పోత ఇనుముతో చేసినవి ఉంటాయి. కరిగిన లోహాన్ని అచ్చులో పోస్తే స్ఫటికాలు ఇష్టం వచ్చిన దిశలలో పెరుగుతాయి, లోపల చిన్న చిన్న గాలి బుడగలు మిగులుతాయి. మేలురకం స్పానర్‌ను ఎర్రగా కాలిన ఉక్కు దిమ్మెను అచ్చుల మధ్య పెద్ద సమ్మెటతో మోది తయారుచేస్తారు. అప్పుడు ఉక్కు పోగులు పిడినుండి దవడ వంపువరకు, కర్రలోని చారలవలె, ఆకారాన్ని అనుసరించి సాగుతాయి. విరగగొట్టే బలం ఆ పోగులకు అడ్డంగా పోవలసి వస్తుంది. మన కమ్మరి కొలిమి దగ్గర చేసినదీ ఇదే. పిమ్మట దానిని కాల్చి చప్పున చల్లార్చి, మళ్ళీ మితంగా వేడిచేస్తారు. మొదటి చర్య ఉక్కును గట్టిపరుస్తుంది, రెండవది పెళుసుతనాన్ని తగ్గిస్తుంది. ఇరవయ్యవ శతాబ్ది తొలి దశకాలలో క్రోమియం, వెనేడియం కలిపిన ఉక్కు పనిముట్లలోకి వచ్చింది. సుమారు అర శాతం కర్బనం, ఒక శాతం క్రోమియం, 0.15 శాతం వెనేడియం ఉన్న ఉక్కు ఇందుకు మంచి ఉదాహరణ. వెనేడియం ఇంత స్వల్పంగా ఉన్నా కర్బనంతో కలిసి అతిసూక్ష్మ రేణువులై స్ఫటికాలను పెద్దవి కానీయదు. చిన్న స్ఫటికాల ఉక్కు బలమైనది. అందువలననే తల పలుచగా చేయడానికి వీలు కలిగింది. క్రెసెంట్‌వారి "క్రెస్టోలాయ్", మినసోటాలోని డులూత్‌లో తయారైన డైమండ్‌వారి "డయామలాయ్" వంటి ముద్రలు ఇటువంటి మిశ్రమ ఉక్కును చాటుకొన్నవే.

పాతవన్నీ మంచివని భ్రమపడరాదు. ఆ రోజులలోనూ చెత్త సరకు ఉండేది. అది విరిగి ఎప్పుడో కరిగిపోయింది, గట్టివి మిగిలాయి. నేడు కూడా మేలైనవి తయారవుతున్నాయి, వెల మాత్రం చిన్నది కాదు. కొనేటప్పుడు చూడవలసింది ముద్రకన్న ముందు దవడ. దానిని సగం తెరచి వేళ్ళతో ఊపి చూడాలి. కొద్దిపాటి కదలిక సహజం, తల ఊపినట్లు ఊగితే వదిలివేయాలి. దవడలను దగ్గరకు చేర్చి వెలుతురుకు ఎదురుగా పెడితే సందు ఆసాంతం ఒకే వెడల్పుగా కనబడాలి. కొసల వద్ద మాత్రమే వెలుగు కనబడితే ఎవరో పిడికి గొట్టం తొడిగి మితిమీరి బలం ప్రయోగించారన్నమాట. పిడి వెనుక సమ్మెట దెబ్బల గుర్తులున్నా అనుమానించాలి. తుప్పును చూసి మాత్రం భయపడనక్కరలేదు.

తుప్పు నీటిని ఇముడ్చుకున్న ఐరన్ ఆక్సైడు. అది తాను పుట్టిన ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. మర బిగుసుకుపోవడానికి కారణమిదే. దానిని వదిలించే రసాయనం ప్రతి తెలుగు వంటింటిలోనూ ఉన్నది. చింతపండుతో ఇత్తడి బిందె తోమిన చేతులకు తెలియకపోయినా, అక్కడ పనిచేసినది టార్టారిక్ ఆమ్లం. నిమ్మ ఉప్పులోని సిట్రిక్ ఆమ్లం దానికి దగ్గరి చుట్టం. ఈ ఆమ్లాల అణువులు ఇనుప అయానును రెండు మూడు వైపులనుండి పట్టుకొని నీటిలోకి లాగుతాయి. ఈ చర్యకు రసాయన శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు గ్రీకు భాషలో పీత డెక్క అనే మాటనుండి వచ్చింది. స్పానర్ దవడలను శుభ్రపరిచేవి అణువుల దవడలే!

లీటరు నీటికి సుమారు 50 గ్రాముల నిమ్మ ఉప్పు కలిపి, స్పానర్ పూర్తిగా మునిగేటట్లు ప్లాస్టిక్ పాత్రలో ఉంచాలి. గంటకొకసారి తీసి పాత పళ్ళ బ్రష్షుతో రుద్దాలి. కొన్ని గంటలలో తుప్పు వదులుతుంది. తుప్పు పోయిన తరువాత కూడా లోహం మీద సన్నని బుడగలు వస్తూంటే అది హైడ్రోజన్. ఆమ్లం ఇక ఉక్కునే తింటున్నదన్న మాట, వెంటనే తీసివేయాలి. ఆ హైడ్రోజన్ కొంత ఉక్కులోకి చొరబడి గట్టి ఉక్కును పెళుసుగా చేయగలదు. కనుక గాఢమైన హైడ్రోక్లోరిక్ ఆమ్లం జోలికి పోరాదు. చింతపండే వాడదలచినవారు ఉప్పు కలిపి నిలవచేసిన దానిని వాడకూడదు, ఉప్పులోని క్లోరైడు తుప్పును మళ్ళీ పిలుస్తుంది. చివరకు చాకలి సోడా నీటిలో ముంచి, కడిగి, తల వెంట్రుకలు ఆరబెట్టే యంత్రంతో ఆరబెట్టి, యంత్రాల నూనె పూయాలి. నువ్వుల నూనె పనికిరాదు; అది గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చి బంకగా మారుతుంది.

బ్యాటరీ చార్జరుతో విద్యుద్విశ్లేషణ చేసేవారికి ఒక హెచ్చరిక. రెండవ ధ్రువంగా స్టెయిన్‌లెస్ స్టీలు గరిటె వేయరాదు. అందులోని క్రోమియం కేన్సర్ కారకమైన రూపంలో నీటిలోకి దిగుతుంది. ఇంతకన్న మోసకారి కాడ్మియం పూత. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో క్రోమియం, నికెల్ కొరతవల్ల కొన్ని పనిముట్లకు ఈ పూత వేశారు. మెరుపు తగ్గిన వెండి బూడిద రంగు పూత కనబడి అనుమానం కలిగితే దానిని ఆమ్లంలో వేయరాదు, సానపట్టరాదు, వేడి చేయరాదు. కాడ్మియం మూత్రపిండాలలో చేరి ఏళ్ళ తరబడి నిలుస్తుంది. జపాన్‌లోని జింజూ నదీతీర వాసులను పీడించిన "ఇతాయ్ ఇతాయ్" వ్యాధికి కాడ్మియమే కారణమని అక్కడి ప్రభుత్వం 1968లో అంగీకరించింది. అటువంటి స్పానర్‌ను పిల్లలకు అందకుండా ఉంచడమే మంచిది. స్పానర్ నానబెట్టిన పాత్ర ఏదైనా సరే తిరిగి వంటింటికి రాకూడదు.

ఇక వాడకం. దవడలను నట్టు పలకలకు ఆనించి, మరను సందు లేకుండా బిగించిన తరువాతనే బలం పెట్టాలి. తిప్పే దిశ కదిలే దవడ వైపుగా ఉండాలి. అప్పుడు స్థిర దవడ కొసమీద, కదిలే దవడ మొదట్లో బరువు పడుతుంది. వ్యతిరేక దిశలో తిప్పితే కదిలే దవడ కొసమీద బరువు పడి అది వంగుతుంది. వీలైనంతవరకు నెట్టకుండా తనవైపు లాగాలి. జారినా కణుపులు గోడకు తగలవు.

అమెరికాలో అంగుళాల కొలత బోల్టులు ఇంకా విరివిగా ఉన్నాయి, ఇండియాలో మిల్లీమీటర్ల రాజ్యం. స్క్రూ స్పానర్‌కు ఈ పట్టింపు లేదు. అందువలన ఊరిలోని తమ్మునికో, బావమరిదికో పంపడానికి ఇంతకన్న అనువైన పనిముట్టు అరుదు. అయితే ఏడు అంగుళాలు మించిన పనిముట్లను అమెరికా విమానాశ్రయాలలో చేతిసంచిలో అనుమతించరు. దానిని నూనె గుడ్డలో చుట్టి, ఆవకాయ జాడీలకు దూరంగా, పెద్ద పెట్టెలో పెట్టుకోవాలి.